పెద్దసారుకు గీత గీసిన రోజులు

ఆ రోజుల్ల, ఇంజనీరింగ్ పాసైనోనికి ఏ పనైనా ఇట్టే వస్తదని నాకు గట్టి నమ్మకం ఉండె. అందుకే మొయినాబాద్ దాటినంక చేవెళ్ల తోవల ఉన్న గోల్ఫ్ మైదానంల నౌకరి దొరికినప్పుడు, ఆ ఆట టీవీల కూడ సరిగ చూడకున్నా "వచ్చు సార్" అన్న. (మా బాపు ఊరందరికీ నేను గ్రౌండ్ ఇంజనీర్‌నని చెప్పుకున్నడు.) ఆట నేర్పమని నాకు అప్పగించిన మనిషి పెద్దసారు, రిటైరైన జడ్జి. పక్షవాతం వచ్చి తగ్గింది గని చూపు దెబ్బతిన్నది. సీదా ఉన్నది ఆయనకు వంకరగ కనబడేది. ఆట లేకుంటె మనిషి మంచం దిగడని ఆయన భార్య, మేమందరం అమ్మ అనేటోళ్లం, నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

బంతిని మెల్లగ గుంతలకు దొర్లించుడే ఆయనకు మిగిలిన ఆట. నేను ఫోన్ల వీడియోలు చూసి, గుంత దిక్కు రెండు పుల్లల నడుమ దారం కట్టిన, బంతి మీద మార్కర్‌తోని గీత గీసిన, వంగినప్పుడు కన్ను సరిగ్గ బంతి మీదికి వచ్చిందో లేదో తెలిసేటందుకు గడ్డిల చిన్న అద్దం పెట్టిన. సారు అద్దంలకు చూసి "ఈ ముసలోడు ఎవడ్రా?" అన్నడు. నేను నవ్విన. ఆయన నవ్వలే.

"దారం వంకరగ కట్టినవ్."

"సీదానే ఉన్నది సార్. జర మీ కన్నును నమ్మకుండ్రి, గీతను నమ్ముండ్రి."

"బతుకంత ఈ కండ్లతోనే సాక్షుల మొకాలు చూసి తీర్పు చెప్పిన. ఇప్పుడు నమ్మొద్దంటవా?"

నేను వంగి దారం ఇప్పి, మళ్ల అట్లనే కట్టిన.

ఆ ఆదివారం ఆయన బామ్మర్దితోని ఆట. ఆటల దారం, అద్దం పెట్టనియ్యరు. బంతి మీది గీత ఒక్కటే దిక్కు. ఆఖరి గుంత కాడ సారు గీతను కాదని తన కన్నునే నమ్మి కొట్టిండు. బంతి పోయి బామ్మర్ది బూటుకు తగిలింది. "పోనీ బావా, పడ్డట్టే అనుకుందాం" అన్నడాయన, పాపం. సారు మొకం మాడిపోయింది. "జాలి వద్దు" అని, గీత గుంత దిక్కు ఉండేటట్టు బంతిని నాతోని సరిచేయించిండు. "నాకైతె ఇది పక్కనున్న కాలువల పడేటట్టున్నది రా" అనుకుంటనే, గీత ఎంబడే కొట్టిండు. పడ్డది! ఆట ఓడిండు గని, కారెక్కేదాక నా భుజం ఇడువలే.

వారం తిరగకముందే మళ్ల పక్షవాతం. నేను దవాఖానకు పోతె సారుకు మాట లేదు, భయం నిండిన కండ్లు మాత్రం నా మీదనే ఉన్నయి. ఏం మాట్లాడాల్నో తెల్వక, ఈసారి అద్దం ఎట్ల పెట్టాలె, దారం ఎంత ఎత్తుల కట్టాలె, చెప్పుకుంట పోయిన. లేచి నిలబడి, ఉత్త చేతులతోని కొట్టి కూడ చూపించిన. నర్సు వచ్చి "అన్నా, ఆయన ఎప్పుడో నిద్రపోయిండు" అన్నది. అప్పటిదాక నేను మంచం కోళ్లకు పాఠం చెప్తున్న! (అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, ఆ నవ్వుల్నే ఏడ్సింది.) ఆ నిద్రల నుంచి సారు మళ్ల లేవలే.

ఇప్పుడు నేనే కొత్తోళ్లకు ఆట నేర్పుతున్న, పొట్ట కూడ వచ్చింది. పాఠం నడుమ ఎవరన్న ఆవులిస్తె కోపం రాదు. దవాఖానల గాలిని కొడుతున్న ఆ పిలగాడు యాదికొచ్చి నవ్వొస్తది. పిచ్చోడు, భయంల ఉన్న ఒక మనిషిని నిమ్మళంగ నిద్రపుచ్చిండు, ఆ సంగతి అప్పుడు వానికే తెల్వదు.