దగ్గు దాగిన చోటు

పానగల్లు వైద్యులు వెంకటనర్సయ్య గారు పరమపదించారన్న వార్త మొన్న బడిలో పాఠం చెబుతుండగా నా చెవిన పడింది. చెయ్యి దానంతటదే ఎడమ చెవి మీదికి పోయింది. ఆ చెవికీ ఆ మహనీయునికీ గల సంబంధం నల్లగొండలో సగం మందికి తెలుసు. తెలియని సగం మంది కోసం ఈ నాలుగు మాటలు.

వారిది వామనమూర్తి; విద్వత్తు మాత్రం త్రివిక్రమమే. ఆయుర్వేదం తండ్రిగారి వద్ద, నాడీపరీక్ష హైదరాబాదులో ఒక వృద్ధ హకీము వద్ద అభ్యసించారు. ఆ పాండిత్యం సముద్రం. నేను ఒడ్డున నిలబడి దగ్గినవాణ్ణి, అంతే.

రోగి రాగానే చెయ్యి పట్టడం వారి పద్ధతి కాదు. అరుగు మీద కూర్చోబెట్టి, తాము కల్వంలో మందు నూరుకుంటూ ఉండేవారు. ఒకసారి గొర్లు కాచుకునే మల్లయ్య ఓపిక పట్టలేక "అయ్యా, నన్ను ఎప్పుడు జూస్తవు?" అన్నాడు. "నువ్వు గడప తొక్కినకాడి నుంచి చూస్తనే ఉన్న. కుడికాలు మీద బరువు మోపుతలేవు. కడుపునొప్పి అన్నవు గని, ముందుగాల గా కాలు సంగతి చెప్పు" అన్నారు వైద్యులు. మల్లయ్య ఆ కాలు ముందుకు చాపి చూపించాడు.

రోగానికి తొందరపడి పేరు పెట్టడం వారికి గిట్టదు. "బిడ్డకు పెట్టిన పేరు బిడ్డ మోస్తది. రోగానికి పెట్టిన పేరు ఇల్లంత మోయాలె" అనేవారు. ఆ మాటకు అర్థం నాకు నా ఇంట్లోనే తెలిసివచ్చింది.

నా కూతురు పాలు తాగే పసిగుడ్డుగా ఉన్న రోజుల్లో నాకు పొడిదగ్గు పట్టుకుంది. నెలలు గడిచినా వదల్లేదు. నేను పద్యం ఎత్తుకుంటే అది యతిస్థానంలో తప్పకుండా వచ్చి కూర్చునేది. నా ఛందస్సు కంటె దాని ఛందస్సే నిర్దుష్టం. దవాఖానలో గొట్టం పెట్టి చూసి రొమ్ములో ఏమీ లేదన్నారు. కానీ వాడవారు అప్పటికే దానికి క్షయ అని నామకరణం చేసేశారు. నా చెంబు వేరైంది, చాప వేరైంది. బిడ్డను ఎత్తుకోవడం మానేశాను. నన్ను చూసి అది చేతులు చాస్తే ముఖం పక్కకు తిప్పుకొని దగ్గేవాణ్ణి.

వైద్యులు మొదట అడ్డసరపు కషాయమే ఇచ్చారు. తగ్గలేదు. "మందు ఓడలే పంతులూ, నేను ఓడిన. రేపు పొద్దుగాల వచ్చి ఊకెనే కూసో" అన్నారు.

మరునాడే కట్టంగూరు నుంచి మా మామగారు బండి కట్టుకొని వచ్చారు, తల్లినీ పిల్లనూ తీసుకుపోవడానికి. "వైద్యుని మాట ఇన్నంకనే పోదాం బాపు" అని నా ఇల్లాలు పట్టుబట్టింది. బండి వైద్యుల ఇంటి ముందు ఆగింది. తల్లీబిడ్డలు బండిలో, నేను అరుగు మీద.

"ఎంతసేపయ్యా? ఎండ ఎక్కుతాంది" అని మామగారు గొణిగారు.

"ఎడ్లకు జర నీళ్లు పెట్టు, అవన్న సల్లగుంటయి" అని వైద్యులు నూరుతూనే ఉన్నారు. కొంతసేపటికి నూరుడు ఆగింది.

"పంతులూ, గా చెవి ఎందుకు గోకుతున్నవ్?"

"దురద పెడతాందయ్యా."

"మళ్ల గోకు."

గోకాను. దగ్గు వచ్చింది.

"గిప్పుడు కుడి చెవి." గోకాను. రాలేదు. "మళ్ల ఎడమది." వచ్చింది!

వైద్యులు లేచారు. నన్ను ఎండకు తిప్పి కూర్చోబెట్టి, గోరువెచ్చని నువ్వులనూనె చెవిలో పోసి, చాలాసేపు ఆగి, సన్నని పట్కారుతో ఏదో బయటికి లాగారు. గులిమితో నల్లబడిన దూది ఉండ. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు పెద్దవి చేశారు.

"మల్లె అత్తరు! ఏ నవాబు దర్బారుకు పోయినవ్ పంతులూ?"

అప్పుడు స్ఫురించింది. దగ్గు పట్టుకోవడానికి కొద్ది రోజుల ముందు మా బడి ఉర్దూ మౌల్వీగారి ఇంటి షాదీలో, వచ్చిన వారందరికీ మర్యాదగా అత్తరు దూది చెవి మడతలో పెట్టారు. అలవాటు లేని నేను, జారిపోతే మర్యాద పోతుందని వేలితో లోపలికి నొక్కాను. మర్యాద నిలిచింది, దూదీ నిలిచింది.

"చెవిల దూది ఉంటె దగ్గొచ్చుడేంది? నేనెన్నడు ఇనలే" అన్నారు మామగారు.

"నేను గూడ ఇనలే. గిప్పుడే చూసిన" అన్నారు వైద్యులు. అంతటి విద్వాంసుడు అంత నిర్మలంగా ఆశ్చర్యపోయారు. నా చేత మళ్లీ మళ్లీ చెవి గోకించి, దగ్గు రాదని రూఢి చేసుకున్నాక, తామే బండి దగ్గరికి నడిచి, బిడ్డను తల్లి ఒడిలోంచి తీసుకొని తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "ఎడ్లను విప్పు పటేలా. గీ పిల్ల యాడికి పోదు." బిడ్డ నా చెవే పట్టుకొని గుంజింది. దగ్గు రాలేదు, ఏడుపు వచ్చింది. అది నాది.

కిందటి నెల వారికి ఆయాసమని తెలిసి చూడబోయాను. "కారణం దొరికిందా అయ్యా?" అన్నాను. "దొరికింది పంతులూ, వయసు. దీన్ని పట్కారుతో గుంజితె రాదు" అని నవ్వారు. ఆ నవ్వులో నా కంటికి ఏ భయమూ కనబడలేదు.

ఈ సీమలో నాడి తెలిసిన వారు ఇంకా ఉన్నారు, ఔషధాలు తెలిసిన వారూ ఉన్నారు. పేరు పెట్టకుండా అరుగు మీద కూర్చోబెట్టి మనిషిని అంతసేపు చూడగలిగిన కళ్లు మాత్రం మళ్లీ రావు. నిన్న మా అమ్మాయిని వెంటబెట్టుకొని పోయి, ఆ ఖాళీ అరుగుకు ఇద్దరం నమస్కరించి వచ్చాము. నా చెవిలో ఇప్పుడు ఏ దూదీ లేదు. అయినా ఆయన ఇక లేరన్న మాట ఎంతకీ లోపలికి పోవడం లేదు.