పూలకున్న టైము బువ్వకు లేదు

మా వదిన పత్తి చేన్ల పడిపోయిందని ఫోనొచ్చినప్పుడు నేను అయిజ అడ్డ మీద ఆటో ఆపుకొని అందర్ని నవ్విస్తున్న. ఆరో తరగతిల బడి ఇడిసిపెట్టినంక నేను పక్కాగ నేర్సింది ఆ విద్య ఒక్కటే.

మా దిక్కు ఎటు సూసినా విత్తనపత్తే, కంపెనీల విత్తనాల కోసం ఏసేది. ఆడ పువ్వు మొగ్గను ముందునాడు సాయంత్రం ఒలిసిపెడ్తరు, తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి అద్దుతరు. ఎండ ముదిరితే పువ్వు పనికిరాదు. అందుకే ఆడోళ్లు పొద్దు పొడవకముందే బువ్వ ముట్టకుండ నా ఆటోల కుక్కుకొని పోతరు. పువ్వు వాడుతదని ఇంత ఆరాటపడే ఊర్ల, ఐదో నెల కడుపుతోనున్న మనిషిని తిన్నవా అని అడిగెటోడు లేడు.

నేను పోయేసరికి వదిన గట్టు మీద పండుకొని ఉన్నది. కూలోళ్లను తెచ్చే మేస్త్రి మొగం మాడ్చుకొని నిలవడ్డడు.

"జర జల్ది తీస్కపో తమ్మీ. ఆమె సాలుల పూలన్ని వాడుతున్నయి."

"పూలకు గ్లూకోస్ పెట్టియ్యమంటవా అన్న?"

పక్క సాళ్లల్ల ఆడోళ్లు నవ్విర్రు. చేతులు మాత్రం ఆపలె.

గద్వాల దవాఖానల డాక్టరమ్మ వదిన కంటి రెప్ప కిందికి గుంజి సూసింది.

"పొద్దున ఏం తిన్నవమ్మా?"

"తిన్న మేడం."

"ఏం తిన్నవని అడుగుతున్న."

వదిన నా దిక్కు సూసి తల దించుకున్నది. "రాత్రి తిన్న."

రక్తం శానా తక్కువున్నది, గిట్లనే ఉంటే బిడ్డ దక్కుడు కష్టం, తల్లికి కూడా ఖతరే అన్నది డాక్టరమ్మ. గోళీలు రాసిచ్చి, అవి బువ్వకు బదులు కావని గట్టిగ చెప్పింది.

బయట టీవీల ప్రపంచ పటం సూపెడ్తుండ్రు. ఆకలి ఎక్కువున్న దేశాలకు ఎర్ర రంగు పూసిండ్రు. యుద్ధాలంట, కరువులంట. నా పక్కన కూసున్న ముసలాయన నాలిక సప్పరించిండు.

"పాపం, ఆడ తిండి పండదంట."

నాకు ఒళ్లు మండింది. "మన దగ్గర పండుతది గదా పెద్దనాయనా. మా ఇంట్ల బియ్యం బస్తా మూలకే ఉన్నది. మరి మా వదిన రక్తం ఏడికి వోయింది?"

జవాబు నాకు తెల్వదా ఏంది? మా జొన్న చేను, కంది చేను అన్ని పత్తికి పోయినయి. పత్తి అమ్ముడే గాని తినేది గాదు. పప్పు ఇప్పుడు దుకాణం నుంచే వస్తది, కొంచమే వస్తది. ఆ కొంచెం ముందుగాల నాయినకు, తర్వాత అన్నకు, నాకు, అటెనక అమ్మకు. వదినకాడికి వచ్చేసరికి గిన్నెల నీళ్లచారు, ఓ పచ్చి మిరపకాయ. యుద్ధం లేదు, కరువు లేదు. రోజూ అందరి కండ్ల ముందర, పద్ధతి ప్రకారం, ఒక మనిషిని ఎండబెడ్తున్నం. దీనికి ఏ పటంల ఏ రంగు పూస్తరు?

ఆ మాపటికి బువ్వ కాడ కూసున్నప్పుడు, వదినకే ముందుగాల పెట్టమన్న.

"ఏందిరా కొత్త మర్యాద? మేమంత ఆఖర్లనే తిన్నం. సచ్చినమా?" అన్నది అమ్మ.

"నువ్వు సావలేదమ్మా. అన్నకు నాకు నడుమ పుట్టినోళ్లిద్దరు సచ్చిర్రు."

నేనేదో పరాష్కం ఆడుతున్న అనుకొని నవ్వబోయిన అన్న ఆగిపోయిండు. నాయిన చెయ్యి ఖాళీ పళ్లెం మీద గట్లనే ఉన్నది. అమ్మ ఇంకో పళ్లెంల బువ్వ పెట్టి, మీద పప్పు పోసి, వదిన ముందటికి జరిపింది.

"మామ ఇంకా తినలేదత్తా."

"ఆయన కడుపుతోని ఉన్నడా? తిను."

వదిన గోడ దిక్కు తిరిగి తిన్నది. ముద్ద ముద్దకు తల తిప్పి గిన్నెల ఎంత మిగిలిందో సూసుకుంటనే ఉన్నది. సగం పళ్లెం కాడ చెయ్యి ఆపి, "ఇగ వద్దత్తా" అన్నది.

"సగంల ఆపకు, మొత్తం తిను" అన్నది అమ్మ. పప్పు గిన్నె ఎత్తి తన ఎనక పెట్టుకున్నది, వదినకు కనవడకుండ.