గడ్డమెత్తు మామ తీసేసిన ఫొటోలు

ఆ రోజుల్లో, అంటే తిరుపతిలో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో చేరిన కొత్తలో, పోయినదేదైనా నేను తిరిగి తేగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. (నాకు తెలిసిందల్లా రికవరీ సాఫ్ట్‌వేర్ తెరిచి వరసగా ‘నెక్స్ట్’ నొక్కడమే.) షాపుకు వచ్చినవాళ్లు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "సార్ యాడికి పోయినాడు పాపా?" అని అడిగేవాళ్లు.

అలాంటి ఒకరోజు, బంగారుపాళ్యంలో ఫొటో స్టూడియో నడిపే మా మేనమామ తన కంప్యూటర్‌ని పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ఫొటో తీసేముందు అందరి గడ్డాలూ పట్టుకుని పైకెత్తుతాడు కాబట్టి ఊళ్లో ఆయన గడ్డమెత్తు మామ. ఫొటోలో ఎవరైనా పళ్లు కనిపించేలా నవ్వినా, పక్కకు చూసినా, కంప్యూటర్లోకి ఎక్కించగానే దాన్ని తీసిపారేస్తాడు. "మిషను నిదానంగా పోతా ఉండాదని ఫార్మాట్ కొట్టినా పాపా. దాంట్లో ఒక పెండ్లి ఉండాది, ఆల్బమ్ ఇంకా వెయ్యలా," అన్నాడు. ఆ పెళ్లికూతురిది ప్రేమపెళ్లి. వాళ్ల నాయన మండపానికి రావడమే గొప్ప. మళ్లీ నిలబెట్టి తీద్దామంటే కుదిరే పని కాదు.

సాయంత్రానికి ఫొటోలైతే వచ్చాయి గానీ, వాటిలో ఒక్కటీ మంచిది లేదు. ఫార్మాట్ తర్వాత మామ అదే డిస్కులోకి వేరే ఫంక్షన్లు ఎక్కించాడట (ఈ ముక్క నాకు ఆఖర్న చెప్పాడు). ఆ కొత్తవి సరిగ్గా మంచివి ఉన్నచోటే పడి వాటిని చెరిపేశాయి, ఆయన తీసిపారేసినవే మిగిలాయి. నోటినిండా లడ్డుతో పెళ్లికొడుకు, తుమ్ముతున్న పంతులు. "నా పరువు పాయ," అని మామ స్టూలు మీద కూలబడ్డాడు. నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు, మామ కబురు చేస్తే, తిరుపతిలోనే కాపురం పెట్టిన ఆ పెళ్లికూతురు షాపుకు వచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడి ఇద్దరం తలలు వంచుకుని కూర్చున్నాం. ఆమె ఒక్కో ఫొటో చూస్తూ ఒకచోట ఆగిపోయింది. తలంబ్రాలు పోస్తూ తను పడీ పడీ నవ్వుతోంది. వెనక స్తంభం పక్కన వాళ్ల నాయన, ఎవరూ చూడటం లేదనుకుని, కండువాతో కళ్లు తుడుచుకుంటూ తనూ నవ్వుతున్నాడు.

"మా నాయన నా పక్క సూడనే లేదనుకొన్నా," అంది ఆమె చిన్నగా.

"అది పనికిరాదు తల్లీ. నువ్వు నోరు తెరిచినావు, ఆయన గడ్డం దించినాడు," అన్నాడు మామ, వృత్తిధర్మం వదలకుండా.

"ఇదే పెద్దది చేసి మొదటి పేజీలో ఎయ్యన్నా," అంది ఆమె.

ఆ ఫొటో కాపీ తీసుకుని ఆమె వెళ్లిపోయింది. మామ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నేను మాత్రం ఓటమి ఒప్పుకోక, డిస్కును మళ్లీ మొదటినుంచి వెతకడం మొదలుపెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లమీద, అంటే అప్పటి నామీద, నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. కావలసినది దొరికి వచ్చిన మనిషి సంతోషంగా వెళ్లిపోయినా, పాపం, ఇంకా మంచివి దొరుకుతాయేమోనని షాపు మూసేదాకా వెతుకుతూనే కూర్చుంది.