ఐసమ్మకు చలికాలపు బహుమతి

మా చెల్లెలిని పేటలో అందరూ ఐసమ్మ అంటారు. పెళ్లయిన కొత్తలో కూరగాయలూ చేపలూ గడ్డకట్టించి దాచే శీతల గిడ్డంగిలో పనికి చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే చేసింది. కాకులు ఎండకు నోళ్లు తెరుచుకుని కూర్చునే రోజుల్లో కూడా ఆవిడ రెండు స్వెట్టర్ల మీద దుప్పటంత కోటు తగిలించుకుని బఠాణీ పెట్టెల మధ్య తిరిగేది. ఒకసారి లోపల తుమ్మితే ఆ తుమ్ము గడ్డకట్టి కింద పడి ఠంగుమందని మా మనవలకు చెబుతుంటాను. నమ్మనివాడు ఇంతవరకూ ఒక్కడే. వాడు లాయరయ్యాడు.

ఇంటికొచ్చాక మాత్రం ఆవిడ తీరే వేరు. వేడినీళ్ల గ్లాసును రెండు చేతులా పట్టుకుని, తాగకుండా అలా కూర్చునేది. సెలవురోజు మేడమీద ఎండలో వడియంలా ఎండేది. ఆవిడ ఉన్న గదిలో ఫ్యాను తిరగదు. ఇవన్నీ ఆ ఇంట్లో అందరూ రోజూ చూస్తున్నవే. రోజూ చూసేది ఎవరికి కనబడుతుంది?

గిడ్డంగిలో ఒక పద్ధతి ఉంది. లోపలికి వెళ్లేవాళ్లు చెప్పులు తలుపు ముందు విడిచి, అక్కడి బూట్లు తొడుక్కుంటారు. తాళం వేసే కాపలాదారు లోపలికి తొంగిచూడడు, తలుపు ముందు చెప్పులు చూస్తాడు. చెప్పులుంటే మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఎవరి చెప్పులు ఎలా ఉంటాయో అక్కడి కాపలావాళ్లకు మొహాలకన్నా బాగా తెలుసు. మా చెల్లెలి చెప్పులకైతే పరిచయమే అక్కర్లేదు. ఎడమ కాలిది తెగితే నీలం రంగు వైరుతో తానే కట్టుకుంది, ఆ వైరు చెప్పుకన్నా గట్టిగా నిలిచింది.

ఆవిడ ఉద్యోగం మానేసిన నెలలో బావ బహుమతి ప్రకటించాడు. బావంటే మా చెల్లెలి మొగుడే. నాకంటే పెద్దవాడు, బళ్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఐరోపాలో నదికి అటొక ఊరూ ఇటొక ఊరూ కలిసి ఒక్కటైన పాత రాజధాని ఒకటుంది. దాని గురించి పిల్లలకు చెప్పీ చెప్పీ, తను పుట్టి పెరిగిన ఊళ్లో లేని చనువు దానితో పెంచుకున్నాడు. కొండమీది కోటకు, నదిమీది వంతెనకు మంచు పట్టినప్పుడే చూడాలట. అందుకని ప్రయాణం నడి చలికాలంలో పెట్టాడు. వాళ్ల కూతురు, బ్యాంకులో పనిచేసే మా మేనకోడలు, టికెట్లు తీసేసింది.

"మేమంటే వణుకుతాంగానీ, నీకు పుట్టింటికి వెళ్లినట్టే కదా" అన్నాడు బావ పెళ్లాంతో.

పుట్టింటివాణ్ని నేను పక్కనే కూర్చుని ఉన్నాను. మా ఇంట్లో అంత చలెప్పుడూ లేదని చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఇక ఆ ఇంటి హాలు హాలుగా మిగల్లేదు. గోడనిండా పటాలు. పొద్దున కోట, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం వంతెన మీద నడక. మేనకోడలు ఆ ఊళ్లో నేలలోంచి వేడినీళ్లు ఊరతాయనీ, మంచు పడుతున్నా జనం ఆరుబయట కొలనుల్లో మెడదాకా మునిగి కూర్చుంటారనీ చదివి చెప్పింది. స్నానానికి అంత దూరం పోవాలా, మనింట్లో బకెట్టు లేదా అని బావ దాన్ని కొట్టేశాడు. మా చెల్లెలు వాళ్లకు కాఫీలు అందిస్తూ తలూపుతూనే ఉంది. కొలతలు తీసుకుని కోటు కొన్నారు, చేతులు చాచింది. బూట్లు కొన్నారు, కాలు పెట్టింది.

ఒకరోజు మేడమీద ఎండలో నా పక్కన కూర్చుని మెల్లగా అంది. "అన్నయ్యా, నాకు ఇక చలి వద్దు. ఇలా కూర్చోవాలని ఉంది, అంతే."

ఆ మాటే మొగుడికి చెప్పమన్నాను.

"ఎలా చెప్పను? ఆయన మొహం చూశావా? మా పెళ్లిలో కూడా అంత వెలగలేదు. నాకు పని ఎక్కువ చెబితే వద్దంటాను. బహుమతి ఇస్తుంటే వద్దని ఏ నోటితో అనను?"

సరే, చెల్లెలి కోసం నాకు చేతనైన విద్య నేను ప్రయోగించాను. ఆ ఊళ్లో చలికి ముక్కులు రాలిపోతాయని, వాటిని వీధులు ఊడ్చేవాళ్లు బుట్టలకెత్తి, వసంతంలో ఎవరివి వాళ్లు ఏరుకోమని చౌరస్తాలో పోస్తారని, మా స్నేహితుడొకడు తొందరలో వేరేవాడి ముక్కు తెచ్చేసుకుని ఇప్పటికీ వాడి జలుబుతో బాధపడుతున్నాడని బావకు చెప్పాను. బావ భయపడటానికి బదులు ముక్కు మీదికి కూడా వచ్చే మఫ్లర్లు కొనుక్కొచ్చాడు. నాలుగు. ఎందుకైనా మంచిదని నాకూ ఒకటి.

ఆ ఉత్సాహంలోనే బావకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. బయల్దేరేముందు కోట్లు, బూట్లు తొడుక్కుని ఒకసారి రిహార్సల్ వేయాలి. చలెక్కడుంది? గిడ్డంగిలో. సూపర్‌వైజరుకు మా చెల్లెలంటే గౌరవం, ఆదివారం పని ఉండదు కాబట్టి కాసేపు చూసుకోమన్నాడు.

మఫ్లరున్న పాపానికి, బావ పాత బూట్లిచ్చి నన్నూ ఎక్కించుకున్నారు. మేనకోడలు కారును వీధి చివర నీడలో ఆపింది. అందరం కారులోనే బూట్లు తొడుక్కున్నాం, మా చెప్పులు డిక్కీలోకి వెళ్లాయి. మా చెల్లెలు మాత్రం తనవి వేసుకునే గేటుదాకా నడిచింది, అలవాటు కొద్దీ. గేటు దగ్గర బావ ఆవిణ్ని బల్లమీద కూర్చోబెట్టి తనే వంగి కొత్త బూట్లు తొడిగాడు. ఆ వైరు చెప్పుల్ని రెండు వేళ్లతో ఎత్తి పక్కనే ఉన్న చెత్తబుట్టలో పడేశాడు.

"రాజధానికి పోయే మనిషివి. ఇంకా ఇవెందుకు?"

మా చెల్లెలు బుట్టకేసి చూసింది. నలుగురం లోపలికి వెళ్లాం.

బావకు అక్కడ చేపలు కనబడలేదు, బఠాణీలు కనబడలేదు. పెట్టెల గుట్ట కోట అయింది, మధ్యనున్న దారి నది అయింది, చెక్కపలక వంతెన అయింది. దానిమీద నిలబడి రాజుల చరిత్ర మొదలుపెట్టాడు. ఒక రాజు కిరీటం పెట్టుకుంటూ ఉండగానే బయట గొళ్లెం పడింది, తాళం పడింది, లైటు ఆరిపోయింది.

జరిగిందేమిటంటే, మమ్మల్ని లోపలికి పంపిన కాపలాదారు డ్యూటీ దిగి ఇంటికి వెళ్లిపోయాడు. కొత్తగా ఎక్కినవాడికి మాటల్తో చెప్పి వెళ్లే అలవాటు అక్కడ ఎవరికీ లేదు, చెప్పులే చెబుతాయి కదా. ఆ రెండోవాడు వచ్చి తలుపు ముందు చూశాడు. చెప్పుల్లేవు. వేసేశాడు. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఈ పద్ధతి నేర్పిన మనిషే ఆరోజు బూట్లతో లోపలికి వచ్చేసింది.

లోపల్నుంచి తెరిచే పిడి ఉందిగానీ, బయట తాళం పడితే అది ఉత్త అలంకారం. గంట నొక్కితే ఆఫీసులో మోగుతుంది, ఆదివారం ఆఫీసులో ఎవరుంటారు? ఆ ఇనపగదిలో ఫోన్లకు సిగ్నల్ లేదు, వెలుతురు మాత్రం ఇచ్చాయి. తలుపు మీద గుద్దితే పరుపు మీద గుద్దినట్టుంది. కాన్వెంటు బళ్లో నేర్చుకున్న ప్రార్థనల్లో ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది భోజనానికి ముందు చెప్పేది ఒక్కటే. చుట్టూ అన్ని చేపలు ఉన్నాయి కాబట్టి అదే చెప్పాను.

ఇదీ ఒక అనుభవమే అని బావ మొదట హుషారుగానే అన్నాడు. కాసేపటికి ఆయన పళ్లు కుట్టుమిషన్ నడిపాయి. మేనకోడలు ఏడుపు మొదలుపెట్టింది. మా చెల్లెలు మమ్మల్ని నిలబడనివ్వలేదు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని గుండ్రంగా నడవమంది. రైలుబండి ఆటలాగా నడిచాం.

ముందు నడుస్తున్న బావ అన్నాడు. "నీకేం, అలవాటే. మేం చచ్చిపోతున్నాం."

రైలు ఆగిపోయింది. ఆపింది మా చెల్లెలు.

"అలవాటు కాలేదండీ" అంది. గొంతు పెంచలేదు. "ఒక్కరోజు కూడా కాలేదు. రోజూ ఈ తలుపు తీసేముందు ఏడుపొచ్చేది. లోపల ఏడిస్తే రెప్పలు అంటుకుంటాయి, అందుకని ఏడవలేదు. మీరు అలవాటనుకున్నారు. నేను రాను. మీరు వెళ్లిరండి."

మేనకోడలు కూడా ఏడుపు ఆపేసింది. బావ ఫోను వెలుతురు నేలమీద పడి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఈవిడ ఒక్కతే ఈ గదిలో ఉందన్న సంగతి మాకు అక్కడ, ఆ గదిలోనే తెలిసింది. ఇక మేం నలుగురం అందులో ఉన్నాం, బయటికి దారి లేదు.

మమ్మల్ని కాపాడింది బావ పారేసిన చెప్పులే. కాపలాదారు గేటు దగ్గర నమిలిన కిళ్లీ ఉమ్మడానికి బుట్టమీదికి వంగితే నీలం వైరు కనబడిందట. పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు, చేతిలో ఆ చెప్పులు.

"ఇవి బుట్టలో ఉన్నాయేంటమ్మా? మీరు చెప్పులు పారేసే మనిషి కాదే."

బయట సిమెంటు మెట్లు పెనంలా కాలుతున్నాయి. నలుగురం వాటిమీద అతుక్కుపోయాం. బావ ఆ చెప్పులు తీసుకుని, కొత్త మఫ్లరుతో తుడిచి, పెళ్లాం కాళ్ల ముందు పెట్టాడు. ఆవిడ బూట్లు విప్పి వాటిని తొడుక్కుంది.

మర్నాడు హాల్లో పటాలు లేవు. గోడమీద మేకుల గుర్తులు మిగిలాయి. బావ టికెట్లు రద్దు చేయమని కూతురికి చెప్పి, కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పేపరు పేజీ తిప్పగా నేను చూడలేదు. మా చెల్లెలు కాఫీ ఇస్తూ ఆ గోడకేసి, ఆయనకేసి చూసేది. ఒక గదిలోంచి బయటపడి ఇంకో గదిలో ఇరుక్కున్నట్టు తిరిగింది.

చివరికి ఒక మధ్యాహ్నం అడిగింది. "ఏవండీ, ఆ వేడినీళ్ల కొలనులు నిజంగా ఉన్నాయా?"

పేపరు కిందికి దిగింది. ఉన్నాయన్నాడు.

"మెడదాకా కూర్చోవచ్చా? మధ్యలో లెమ్మనరా?"

"సాయంత్రందాకా ఎవరూ లెమ్మనరు."

"అయితే వస్తాను. కోటా, వంతెనా మీరు చూసిరండి. నేను నీళ్లలో ఉంటాను. గట్టుమీద నా చెప్పులు ఉంటే ఉన్నట్టు."

బావ ఒక్క గెంతులో లేచాడు. మేకులెక్కడ అని ఇల్లంతా వెతుకుతుంటే ఆవిడ వెనకనుంచి ఇంకో ప్రశ్న వేసింది.

"బట్టలు మార్చుకునే గది నుంచి కొలనుదాకా మంచులోనే నడవాలా?"

బావ సుత్తి పట్టుకుని నిలబడిపోయాడు. పాపం, పెళ్లాంతో అబద్ధం ఆడదలచుకోలేదు.

"కొంచెం" అన్నాడు.

"కొంచెమంటే?"