తీగకు గంజి

ఒక వస్తువు ఇక పనికిరాదని తేల్చే ముందు మనం దాని గురించి ఎన్ని ప్రశ్నలు అడుగుతాం?

నా చిన్నప్పుడు సిరిసిల్లలోని మా ఇంట్లో బట్టలుతికే మిషన్ ఆగిపోయింది. పక్షవాతంతో మంచం పట్టిన నాయినమ్మ దుప్పట్లు పూటపూటకూ మార్చవలసి వచ్చేది. వాటిని ఉతికి ఉతికి అమ్మ చేతులు పగిలి, అన్నం కలుపుకుంటే మండేవి. వచ్చి చూసిన మెకానిక్, లోపలి సర్క్యూట్ బోర్డు చెడిందనీ, అంత పాత రకం ఇప్పుడు దొరకదనీ నిజాయితీగానే చెప్పి వెళ్లాడు.

మా తాత జీవితమంతా మరమగ్గాల మీద నేసినవాడు. మా ఊళ్లో వాటిని సాంచెలంటారు. ఆయన ప్లగ్గు పీకించి, లోపల నిలిచిన కరెంటు దిగిపోవాలని మర్నాటి దాకా మిషన్‌ను ఎవరినీ ముట్టనివ్వలేదు. తర్వాత బోర్డును విప్పించి, వెలుతురుకు పట్టి, దాని మీది రాగి గీతల వెంట నెమ్మదిగా చూపు నడిపాడు. తడి తగిలిన మూలన ఒక గీత చిలుము పట్టి తెగిపోయి ఉంది.

"గింతేనా! పోగు తెగింది," అన్నాడు.

పాత ఫ్యాను మోటారులోంచి సన్నని తీగ తీసి, తెగినచోట కలిపి, నాన్న తమ్ముడైన మా కాకతో సోల్డరింగ్ చేయించాడు. అయినా మిషన్ కదలలేదు.

"గది సాంచె గాదు నాయినా, తెగితే ముడేసుడుకు," అని కాక నవ్వాడు. అమ్మ మళ్లీ దుప్పట్ల బకెట్ అందుకుంది.

సాంచె మీద పోగు ముడివేసే ముందు తాత ముడి జారకుండా దాని కొసలను వేళ్లతో నలిపి, నూలుకు పట్టించిన గంజి రాల్చడం నేను రోజూ చూసేదాన్ని. అందుకే అడిగాను: "తాతా, గీ తీగకు గంజి తియ్యలే గదా?"

కాక పగలబడి నవ్వాడు. "తీగకు గంజేందే? రేపు కరెంటుకు అంబలి గూడ పోస్తవా?"

"ఆగురా. పొల్ల అడిగింది, సూద్దాం," అని తాత తీగను విప్పించి, కొసను బ్లేడుతో గీకాడు. మేము రాగి అనుకున్నది పైపూత. అది పొట్టులా రాలి, కింద అసలు రాగి తళుక్కుమంది. ఆ పూత ఉన్నంతసేపూ కరెంటు దాటదని అప్పుడు తెలిసింది.

"ఉన్నదిరా గంజి!" అని తాత కాక వీపు మీద చరిచాడు.

రెండు కొసలూ గీకి మళ్లీ అతికించాక మిషన్ దీపం వెలిగింది, లోపల నీళ్లు పడ్డాయి. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని, దుప్పట్లను ఒక్కొక్కటిగా అందులో వేసింది. "ఇగ నా చేతులు బతికినయ్ బిడ్డా," అంది.

నేను వాడిన పదం తప్పు. అందులోని ఆలోచన తప్పు కాదు. తాత పదాన్ని దిద్దడానికి తొందరపడలేదు, ఆలోచనను పరీక్షించాడు. ఎదుటివారి మాట వింతగా తోచినప్పుడల్లా, దాన్ని ఖండించే ముందు ఆగడం నాకు ఆనాటి నుంచే అలవాటైంది.

మీకు ఒక విన్నపం. ఇంట్లో ఏదైనా ఆగిపోతే ముందు ప్లగ్గు తీయండి. పని తెలిసినవారు దాన్ని విప్పేటప్పుడు మీ పిల్లలను దగ్గర కూర్చోబెట్టండి. వాళ్లు అడిగినదానికి నవ్వొస్తే ఆపుకోండి. నిజమో కాదో చూశాకే జవాబు చెప్పండి.