గాలి ఎటుందని అడిగే మేడం

మొన్న సోమవారం పొద్దున గొర్రెలకు నీళ్లు పెడుతుంటే కండక్టర్ ఫోన్ చేశాడు. "అవ్వా, మన మేడం పోయింది. దవాఖానలనే," అన్నాడు. నా నోటికి ముందు వచ్చిన మాట, "పటం ఎక్కడుంది?" తర్వాతే ఏడుపు వచ్చింది.

నాకు అక్షరం రాదు. నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మేడం నల్గొండలో మా పైగదిలో కిరాయికి ఉండేది. పాలమూరు మనిషి, బడిలో సైన్స్ చెప్పేది. ఆదివారం మధ్యాహ్నం మా వసారాలో చాప పరిచి ఆట పెట్టేది. మేడం కథ చెబుతుంది, కూర్చున్నవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. బస్సు కండక్టర్ మంత్రగాడు. పోచంపల్లి నుంచి వచ్చే నేత అమ్మాయి విలుకత్తె. ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఏం చేస్తామో నోటితో చెప్పి పాచిక వేయాలి, పని అయిందో లేదో ఇరవై ముఖాల ఆ పాచిక చెబుతుంది, పెద్ద అంకె పడితే అయినట్టే. అది మంచం కిందికి దొర్లకుండా మేడం డబ్బా మూతలో వేయించేది. చీరల డిజైన్ గీసే గడుల కాగితం మీద గుట్టలూ కుంటలూ గీసేది, అదే మా పటం.

ఒక ఆదివారం గుట్ట మీది గడ్డిలో దొంగలు దాక్కున్నారు. కండక్టర్ చెయ్యి లేపి "అగ్నిగోళం!" అని అరిచాడు. పాచిక పంతొమ్మిది. అందరూ చప్పట్లు. నేను గడపలో కందులు చెరుగుతున్నాను.

"మరి గా గడ్డి ఏమైంది?" అన్నాను.

"అవ్వా, గది మంత్రం మంట. దొంగల్నే కాలుస్తది."

"నీ మంత్రం పాడుగాను! దొంగెవడో, గొర్రేదో మంటకు తెలుస్తదారా?"

అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. పెన్సిల్ అందుకుని, "చెప్పు అవ్వా, తర్వాత ఏమైతది?" అంది. ఆమె ఎప్పుడూ అడిగే మాట అదే.

చెప్పాను. ఎండిన గడ్డిలో మంట ఎత్తుకు ఉరుకుతుంది, దిగేటప్పుడే నెమ్మది. మొద్దుల్లో మూడు రోజులు నిప్పు దాక్కుంటుంది. కౌజు పిట్ట గుడ్లు పోతాయి. మొదటి వానకు బూడిదంతా కుంటలోకి దిగుతుంది, ఆ నీళ్లకు గొర్రె మూతి పెట్టదు. నా జన్మలో నా మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు!

ఆ రోజే మేడం చట్టం పెట్టింది. మంట మంత్రం వేసే ముందు "గాలి ఎటుంది?" అని అడగాలి, దానికి వేరే పాచిక. కాలిన గడులను నా పొయ్యి బొగ్గుతో నలుపు చేసింది. మళ్లీ చెరపొద్దంది.

"గిట్లయితే నేను మంత్రగాణ్ని ఎందుకైన మేడం? ఫైరింజను డ్రైవర్నైత," అని కండక్టర్ గునిసాడు.

ఆట అయ్యాక, ఇద్దరమే ఉన్నప్పుడు, మేడంతో ఒకటి చెప్పాను. వయసులో ఉన్నప్పుడు గుట్టకు నేనే నిప్పు పెట్టాను. ఎండుగడ్డి కాలిస్తే వానకు లేత గడ్డి వస్తుందని మా మందలవాళ్ల ఆశ. గాలి తిరిగింది. ముళ్ల దొడ్లో పదకొండు గొర్రెపిల్లలు కాలిపోయాయి. ఎవరో బీడీ పారేశారని ఊరంతా చెప్పాను. మేడం నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. బొగ్గు చేతులు కడుక్కుని పైకి వెళ్లింది.

కొన్ని వారాలకు ఆటలో శత్రువు గుట్టకు నిప్పు పెట్టాడు. నడుమ ఒక మంద. కండక్టర్ చేతులెత్తేశాడు. "వాన మంత్రం నా దగ్గర లేదవ్వా!"

నేను లేచి నిలబడ్డాను, చాటలో కందులు చాప మీద పడ్డాయి. "మంద వెనక, గాలి పోయే దిక్కు గడ్డికి చిన్న మంట పెట్టు! గాలి దాన్ని అవతలికి కొట్టుకపోతది. కాలిన జాగాలకు మందను తోలు!"

"మంటకు మంటనా?"

"ఆఁ! ముందు గాలి చూడు!"

గాలి సరిగ్గానే ఉంది. పాచిక పద్దెనిమిది! మేడం నెమ్మదిగా చెప్పింది. "పెద్ద మంట వచ్చింది. కాలిన జాగ కాడ తినేతందుకు ఏం దొరకలే, చల్లారింది. మందల పదకొండు పిల్లలున్నయి. పదకొండూ బతికినయి అవ్వా."

అందరూ ఎగిరి గంతులేశారు. ఆ పదకొండు ఏమిటో మా ఇద్దరికే తెలుసు.

నిన్న ఆదివారం అందరూ వచ్చారు. కండక్టర్ కొత్త పటం తెచ్చాడు. "పాతది మసి మసి అయింది అవ్వా. గాలి లెక్క గూడ తీసేస్తే ఆట జోరుగ పోతది."

"గా మసి నీ చేతిదే బిడ్డా. పటం మారితే కాల్చినోడు తప్పించుకుంటడు. నేను గట్లనే తప్పించుకున్న, ఇన్నేండ్లు," అని, దాచిన పదకొండు పిల్లల కథ అందరి ముందూ చెప్పేశాను. మేడం ఉంటే ఏమడిగేదో తెలుసు కనుక, ఆ తర్వాత ఏమైందో కూడా, బీడీ అబద్ధంతో సహా చెప్పాను.

మేడం జాగాలో కూర్చున్న నేత అమ్మాయి కొత్త పటం చుట్టేసి పాతది పరిచింది. నల్లటి గడుల నడుమ నాలుగింటిలో చిన్న చిన్న పచ్చ చుక్కలు. కథలో వాన పడ్డాక లేత గడ్డికి గుర్తుగా మేడం పెట్టినవి.

కండక్టర్ వంతు వచ్చింది. మంట వేయడానికి చెయ్యి లేపాడు, ఆగాడు. "ఫ్యాను బందు చెయ్యిండ్రి," అన్నాడు. గాలి పాచిక పక్కన పెట్టి, నా చాటలోంచి చిటికెడు పొట్టు తీసి పటం మీద ఎత్తుగా పట్టి వదిలాడు. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. పొట్టు చాలాసేపు కిందికి దిగలేదు.