గోడెక్కిన వీణ

సంగీతం చెవులతో వినేదని మా ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన దృష్టిలో అది హాల్లోకి అడుగుపెట్టగానే కనబడాల్సిన సామాను. టీవీ, ఫ్రిజ్, షోకేసులో ఎన్నడూ ఎవరూ తాగని కప్పుల సెట్టు, వాటి వరసలో నా వీణ.

మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్, పై అంతస్తు. ఆయన ఒక గని టైమాఫీసులో గుమస్తా. ఎవరు ఏ షిఫ్టుకు వచ్చారో రాసుకోవడం పని. నేను మంథనిలో పదేళ్లు వీణ నేర్చుకుని, పెళ్లయ్యాక దాన్ని వెంట తెచ్చుకున్నాను. మొదట్లో అది పడకగదిలో చాప మీద ఉండేది. మధ్యాహ్నం వంటగది సర్దుకున్నాక తలుపు వేసుకుని ఒక గంట వాయించేదాన్ని. రోజు మొత్తంలో నాదని చెప్పుకోవడానికి ఆ గంట తప్ప నాకేమీ లేదు. అది పోతే నేనూ ఆ ఇంట్లో ఒక సామానునే అవుతానని అప్పుడే తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఆఫీసరు బంగళాకు విందుకు వెళ్లాం. వాళ్ల హాల్లో గోడకు రెండు గిటార్లు, ఒక వయొలిన్ వేలాడుతున్నాయి. ఒక్కొక్కదాని మెడ పట్టుకుని రబ్బరు తొడిగిన హ్యాంగరు ఉంది. హైదరాబాద్ నుంచి తెప్పించారట. మా ఆయన అన్నం ప్లేటు పట్టుకుని వాటి కింద పది నిమిషాలు నిలబడ్డాడు. ఎవరు వాయిస్తారని అడగలేదు. గోడకు ఎట్లా ఆగాయని అడిగాడు.

మర్నాటి నుంచి అదే ధ్యాస. మంచిర్యాలలో వెతికితే అలాంటి హ్యాంగర్లు దొరకలేదు. దొరికినా గిటారు హ్యాంగరులో లావైన వీణ మెడ, అదే దండి, పట్టదని, అసలు వీణను వేలాడదీయకూడదని చెప్పాను. రెండో మాట ఆయన చెవికెక్కలేదు. మొదటిదానికి మాత్రం విరుగుడు వెతికి, పక్క బ్లాకులో ఉండే ఒకాయనను పిలుచుకొచ్చాడు. గనిలో పైకప్పు కూలకుండా రూఫ్ బోల్టులు బిగించడం ఆయన పని. నేను అన్నా అని పిలిచేదాన్ని.

అన్న వీణ బరువెంతని అడిగాడు. ఆరేడు కిలోలుంటుందన్నాను. గనిలో పైకప్పును పరీక్షించే అలవాటు కొద్దీ గోడను తట్టి, చెవి పెట్టి విన్నాడు. మా ఇంట్లో దేన్నైనా శ్రద్ధగా విన్న మగవాడు ఆయనొక్కడే. జానెడు లోతు రంధ్రాలు చేసి, సిమెంటు కూరి, రెండు ఇనుప కొక్కాలు దిగేసి, వాటికి సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాడు. “గోడ పడ్డా గిది పడదక్కా” అన్నాడు. నిజమే, ఆ పనికి వంక పెట్టలేం.

చోటు చూపించింది మాత్రం మా ఆయన. తలుపు తీయగానే కనబడాలని సోఫా వెనక పడమటి గోడ, అది కూడా తన తలకు జానెడు పైన. నేను పొట్టిదాన్ని. కుర్చీ ఎక్కినా ఆ బరువు ఒక్కదాన్నే దించలేను. ఆ మాటే అంటే, “నేను లేనా? ఎప్పుడంటే అప్పుడు దించిస్త” అన్నాడు.

దించివ్వడం ఒక వారం సాగింది. తర్వాత ఆయన నడుం పట్టేసింది. ఆ తర్వాత వార్తల టైమైంది. ఆ పైన సోఫా జరపడం కష్టమైంది. నా గంట మధ్యాహ్నం, ఆయన మధ్యాహ్నం డ్యూటీలో ఉంటాడు, అక్కడికి ఆ కథ ముగిసింది. పక్కింటివాళ్లను పిలవొచ్చు కదా అంటారేమో. మొగుడు నా వీణ నాకు దించివ్వడని నలుగురికీ చెప్పుకోవడం నాకు నామోషీ అనిపించింది.

దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో రోజూ మధ్యాహ్నం బండలు పేల్చే బ్లాస్టింగు ఉండేది. గోడ అదిరేది, తీగలు సన్నగా మోగేవి. సెలవు రోజు చుట్టాలెవరైనా వస్తే మా ఆయన గడియారం చూసుకుని అందరినీ ఊరుకోమనేవాడు. ఎవరూ ముట్టకుండానే మోగుతుందని చూపించి మురిసిపోయేవాడు. వాళ్లు ముక్కున వేలేసుకునేవారు. ఒకావిడైతే వీణకు దండం పెట్టింది. ఆ బాంబులు కూడా తనే పెట్టించినట్టు ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. మా ఇంట్లో కచేరీ అంటే అదే.

వీణ తీగల కింద స్వరస్థానాలు చూపే ఇత్తడి మెట్లు మైనంలో కూర్చుంటాయి, మెట్టు జరిగితే స్వరం తప్పుతుంది. మా వైపు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. వేసవిలో సాయంత్రం దాకా పడమటి గోడ మీద చెయ్యి పెట్టలేం. మైనం మెత్తబడింది, దానికి రోజూ బ్లాస్టింగు కుదుపు తోడైంది. ఒక మే నెలలో స్టూలెక్కి దుమ్ము దులుపుతుంటే పైమెట్టు ఒకటి పక్కకు ఒరిగి కనిపించింది.

ఆ రోజే దాన్ని దింపి లోపలి గదిలో పడుకోబెట్టాలని నాకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. కారణం దాచుకోను. ఏదో ఒకరోజు ఈ గొప్పల మనిషి నలుగురి ముందు దీన్ని దించుతాడు, నన్ను వాయించమంటాడు, అప్పుడు తెలుస్తుంది, ఈయన పరువు పోతుంది అనుకున్నాను. ఆ ఊహ నాకు ఎంత హాయిగా ఉండేదో! ప్రతి ఎండాకాలం ఇంకో రెండు మెట్లు జారేవి. నేను కింద నిలబడి చూసి, నాలో నేను నవ్వుకుని, వంటగదిలోకి పోయేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. తెలంగాణ కోసం గనులన్నీ సమ్మెలో ఉన్న రోజులవి. మా ఆయన ఏదో కమిటీలో చేరాడు. హాలు నిండా జనం, నేను చాయ్ పోసి పోసి అలిసిపోయాను. మంచిర్యాల నుంచి వచ్చిన నాయకుడొకాయన గోడ మీది వీణను చూసి ఎవరు వాయిస్తారని అడిగాడు. తన భార్యేనని, పెద్ద విద్వాంసురాలని మా ఆయన చెప్పాడు. ఒక్కటి వినిపించమని వాళ్లంతా పట్టుబట్టారు. మా ఆయన, ఇంకొకాయన కలిసి వీణను దించారు. అర నిమిషం పట్టింది. ఇన్నేళ్లు ఆయన నడుం ఒప్పుకోని పని అది.

నేను చాప వేసుకుని కూర్చున్నాను. తీగలు సవరించాను. ఒరిగిపోయిన మెట్ల మీదే, చిన్నప్పుడు మొదట నేర్చుకున్న వర్ణం ఎత్తుకున్నాను. ఒక్క స్వరం దాని చోట లేదు. గాంధారం వినలేక నాకే ఒళ్లు జలదరించింది. అయినా ఆపలేదు, ఇంకా గట్టిగా మీటాను. సగంలో తలెత్తి మా ఆయన ముఖంలోకి చూశాను. ఆయన కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. అదీ తప్పుగానే. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపుతున్నారు. అయిపోగానే చప్పట్లు కొట్టారు. కడుపు నిండిందని నాయకుడు చేతులు జోడించాడు.

మా ఆయన పొంగిపోయాడు. వీణను మళ్లీ తీసుకెళ్లి కొక్కాలకు తగిలించి, వంకరగా ఉందేమోనని వెనక్కి జరిగి చూసుకున్నాడు. వంకర లేదు. నేను వంటగదిలోకి పోయి ఏడ్చాను. ఆ గదిలో అంతమంది ఉండగా ఆ అపస్వరాలు గుచ్చుకున్నది నా ఒక్కదానికే.

మర్నాడు పక్క బ్లాకు అన్నను నేనే పిలిచి దింపించుకున్నాను. అడగగానే వచ్చాడు. ఈ పని ఏడేళ్ల కింద, మొదటి మెట్టు ఒరిగిన రోజే చేసి ఉండొచ్చు. వీణను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ పోయాను. హార్మోనియంలు, వీణలు బాగుచేసే ముసలాయన దగ్గర విప్పాను. ఆయన ఒక్కో మెట్టునూ వేలితో తడిమాడు. జారిన చోటల్లా మైనం మీద పొరలు పొరలుగా గీతలున్నాయి. దారి పొడుగునా నేను సిద్ధం చేసుకున్నదంతా చెప్పాను, ఎత్తు గోడ, ఇనుప కొక్కాలు, ఎండ, మా ఆయన. ఆయన అంతా విన్నాడు.

“ఇది ఒక్క ఎండకు జారింది కాదు బిడ్డా” అన్నాడు. “ఏండ్లు పట్టింది. మీ ఆయనకు తెల్వదు, సరే. మీ ఇంట్ల వీణ వాయించెటోళ్లు ఎవ్వరు లేరా? ఉంటే మొదటి మెట్టుకే పట్టుకునేటోళ్లు.”

“ఎవ్వరు లేరు కాకా” అన్నాను.